బ్రెడ్డు అచ్చులో మైనం పోత: 16వ శతాబ్దపు ఫ్రెంచి పద్ధతి, ఇంట్లో చేసే తీరు

పతకం మీది బొమ్మకు నకలు కావాలంటే ఇవాళ సిలికాన్ రబ్బరు కొంటాం, లేదా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలుపుతాం. నాలుగు వందల ఏళ్ల కిందట దక్షిణ ఫ్రాన్సులో అదే పనికి ఒకరు అప్పుడే పొయ్యిలోంచి తీసిన బ్రెడ్డు వాడారు. వాడి ఊరుకోలేదు, రాసిపెట్టారు కూడా. ఆ రాత ఆధారంగా ఇంట్లో ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్), తేనెమైనంతో ఈ పని ఎలా చేయవచ్చో చెబుతాను.

ముందు ఆ రాత గురించి కొంచెం. పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ‘ఫ్రెంచ్ 640’ అనే నంబరుతో ఒక రాతప్రతి ఉంది. 16వ శతాబ్దం చివర్లో తులూజ్ ప్రాంతంలో రాసింది. రాసినవారి పేరు లేదు. రంగులు, వార్నిష్‌లు, ఫిరంగులు, మందులు, చెట్లకు అంట్లు కట్టడం, బల్లుల్నీ పాముల్నీ ఉన్నవి ఉన్నట్టు లోహంలో పోత పోయడం... ఇలా 900కు పైగా విషయాలు అందులో ఉన్నాయి. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చరిత్రకారిణి పమేలా స్మిత్ 2014లో ‘మేకింగ్ అండ్ నోయింగ్’ అనే ప్రాజెక్టు మొదలుపెట్టి, ఈ రాతప్రతి మొత్తాన్ని విద్యార్థులతో చదివించారు. ఊరికే చదివించడం కాదు, ల్యాబ్‌లో చేయించారు. మూలపాఠాన్నీ ఇంగ్లిషు అనువాదాన్నీ 2020లో ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టారు.

బ్రెడ్డు సంగతి 140వ ఆకు వెనకవైపు ఉంటుంది. చెప్పింది చాలా తక్కువ. బ్రెడ్డు లోపలి మెత్తటి భాగాన్ని నీకు తెలిసినట్టే నిప్పుల కింద పెట్టు, అందులో కావలసినదాన్ని అచ్చు తియ్యి, ఆరనివ్వు, గంధకం పోస్తే పని చక్కగా వస్తుంది అంటారు. (గంధకం బదులు మనం మైనం ఎందుకు పోస్తున్నామో చివర్లో చెబుతాను.) ‘నీకు తెలిసినట్టే’ అన్న ఆ ఒక్క మాటలోనే అసలు పనంతా దాక్కుంది. అది తెలిసిన చేతులు ఇప్పుడు లేవు. ఏ బ్రెడ్డు, ఎంత వేడి, ఎంత తడి, ఎంతసేపు అన్నవి మనమే కట్టుకోవాలి.

దాని పక్కనే ఇంకో చిన్న పేరా ఉంది. నాకు ఈ విద్య మీద మోజు పుట్టింది దాన్ని చూశాకే. బ్రెడ్డు ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, దానితో పాటు అందులో పోసే పతకమూ చిన్నదవుతుంది. ముద్ర వేసిన బ్రెడ్డును పొడుగ్గానో వెడల్పుగానో సాగదీస్తే ఒకే బొమ్మ నుంచి రకరకాల బొమ్మలు వస్తాయి అంటుంది ఆ పేరా. పొయ్యిలోంచి తీసిన బ్రెడ్డు మేలనీ, రెండుసార్లు వేడిచేసినది ఇంకా ఎక్కువ ముడుచుకుంటుందనీ, అసలు సైజే కావాలంటే ఆరనివ్వకుండా పోయమనీ కూడా చెబుతుంది. అచ్చు ముడుచుకోవడం మామూలుగా పోతపని చేసేవాళ్లకు తలనొప్పి. ఇక్కడ ఆ తలనొప్పే పనిముట్టు. కాబట్టి ఈ పనిలో మీ కళ్లు ఎప్పుడూ ఉండాల్సింది ఒక్కదాని మీదే: బ్రెడ్డులో ఇంకా ఎంత తడి ఉంది?

కావలసినవి

నకలు తీయాల్సిన వస్తువు ఒక వైపు చదునుగా, ఒక వైపు ఉబ్బెత్తు బొమ్మతో ఉంటే మంచిది. స్కూల్లో వచ్చిన పాత పతకం, ఇత్తడి బిళ్ల, కోటు బొత్తం, ఏదైనా సరే. బొమ్మ అంచులు కిందకి ఒంపు తిరిగి ఉండకూడదు. అలాంటి చోట బ్రెడ్డు దూరి పట్టుకుంటుంది, తీసేటప్పుడు చినుగుతుంది. మూడు నాలుగు సెంటీమీటర్ల వెడల్పు చాలు. చెలామణిలో ఉన్న నాణేల జోలికి పోవద్దు, సరదాకి చేసినా అది చిక్కే.

మైదా, ఉప్పు, పులిసిన పిండి లేదా ఈస్ట్, 100 గ్రాముల తేనెమైనం, వంటింటి కాటా, చిన్న థర్మామీటరు, స్కేలు లేదా వెర్నియర్ కాలిపర్, మెత్తని కుంచె. తేనెమైనం కొనేటప్పుడు వాసన చూడండి. తేనె వాసన రాకుండా తెల్లగా మెరుస్తూ ఉంటే అది పారఫిన్ కావచ్చు. దానితోనూ పని జరుగుతుంది గానీ అసలు మైనం గీతల్ని బాగా పట్టుకుంటుంది, చేతి వేడికి వంగుతుందే తప్ప పెళుసుగా విరగదు.

1. బ్రెడ్డు కాల్చడం

బేకరీలో దొరికే శాండ్‌విచ్ బ్రెడ్డు వాడొద్దు. అందులో పంచదార, నూనె, మెత్తగా ఉంచే మందులు ఉంటాయి. అది ఆరినా ఆ కాలపు బ్రెడ్డులా ఆరదు. మనకు కావలసింది పిండి, నీళ్లు, ఉప్పు, పొంగించడానికి పులిసిన పిండి, అంతే. పిండి కూడా తెల్లదే కావాలి. ముడి గోధుమపిండిలోని పొట్టు రవ్వలు ముద్ర మీద తేలి బొమ్మ ముక్కూ కళ్లూ పాడుచేస్తాయి. మైదా మంచిది కాదని ఇంట్లో ఎవరైనా అంటే, సగం తినడానికి కాదని చెప్పండి.

500 గ్రాముల మైదా, 310 మిల్లీలీటర్ల నీళ్లు, 8 గ్రాముల ఉప్పు, 100 గ్రాముల పులిసిన పిండి. ఈ పులిసిన పిండి కోసం మైదా, నీళ్లు సమానంగా కలిపి, రోజూ సగం తీసేసి కొత్తది కలుపుతూ పోవాలి. మన ఎండలకు నాలుగైదు రోజుల్లో బుడగలతో పొంగడం మొదలవుతుంది. అంత ఓపిక లేకపోతే 3 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ వేసి, నీళ్లు 350 మిల్లీలీటర్లు చేయండి. అచ్చు నాణ్యతలో పెద్ద తేడా ఉండదు. ఆ కాలపు పద్ధతే కావాలనుకునేవాళ్లకు మాత్రం పులిసిన పిండే.

పిండిని బాగా పిసికి, రెట్టింపు అయ్యేదాకా మూతపెట్టి ఉంచండి. తర్వాత నాలుగు ముద్దలు చేయండి. ఒక్క పెద్ద బ్రెడ్డు కాకుండా నాలుగు చిన్నవి ఎందుకంటే, వేడి బ్రెడ్డు మన కోసం ఆగదు. రెండు కాల్చి పని చేస్తూ, మిగతా రెండింటిని ఫ్రిజ్‌లో ఉంచుకుంటే మొదటి వాయి కుదరకపోయినా టెన్షన్ ఉండదు. ముద్దలు మళ్లీ పొంగాక, ముందే వేడెక్కిన ఓటీజీలో 220 డిగ్రీల దగ్గర 22 నుంచి 25 నిమిషాలు కాల్చండి. మధ్యలో థర్మామీటరు గుచ్చితే 95 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. అంతకు తక్కువైతే లోపల బంక మిగులుతుంది, ఆ బంక పతకాన్ని వదలదు.

2. ముద్ర వేయడం

అయిదు నిమిషాలు ఆగి బ్రెడ్డును విరవండి. లోపల ఆవిరి ఉంటుంది, వేళ్లు జాగ్రత్త. పైపెంకు పక్కన పెట్టి, లోపలి మెత్తటి భాగం నిమ్మకాయంత తీసుకోండి. ఇప్పుడు దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపాలి. మొదట దూదిలా పీచులు పీచులుగా ఉంటుంది. ఒక నిమిషం నలిపేసరికి గాలి అంతా పోయి, నునుపుగా, కొంచెం మెరుస్తూ బరువైన ముద్దవుతుంది. దాని మీద బొటనవేలు ఒత్తి తీసి వెలుతురులో చూడండి. మీ వేలిముద్ర గీతలు విడివిడిగా కనిపించాలి. అలా కనిపిస్తే పతకం మీది సన్నని అక్షరాలూ దిగుతాయి. అంచుల్లో పగుళ్లు కనిపిస్తే ముద్ద పొడిబారింది, తడి వేలితో రెండుసార్లు నలపండి. వేలికి సాగుతూ అంటుకుంటే తడి ఎక్కువ, కాసేపు అరచేతుల మధ్య తిప్పండి.

వేడిలోనే ఇదంతా ఎందుకంటే, కాలేటప్పుడు పిండిలోని స్టార్చ్ నీళ్లు పీల్చి జిగురుగా మారుతుంది. వేడిగా ఉన్నంతసేపూ అది చెప్పినట్టు వింటుంది. చల్లారేకొద్దీ మళ్లీ గట్టిపడటం మొదలుపెడుతుంది. నిన్నటి బ్రెడ్డు బిగుసుకుపోయేది ఇందుకే, వేడిచేస్తే కొంతసేపు మళ్లీ మెత్తబడేదీ ఇందుకే. రాతప్రతిలో ‘నిప్పుల కింద పెట్టు’ అన్నది ఈ రెండో దారి. నిన్నటి బ్రెడ్డే చేతిలో ఉంటే తడిబట్టలో చుట్టి, మూత ఉన్న గిన్నెలో పెట్టి ఓవెన్‌లో వేడిచేసుకోవచ్చు. అయితే అది ఎక్కువ ముడుచుకుంటుందని ఆ రాతే హెచ్చరించింది కదా, లెక్కలో పెట్టుకోండి.

ముద్దను రెండు సెంటీమీటర్ల మందాన బిళ్లలా చేసి, మధ్యలో కొంచెం ఉబ్బుగా ఉంచండి. పతకాన్ని మధ్యలో ఆనించి, అక్కణ్నించి అంచుల వైపు ఒత్తుకుంటూ రండి. అంచుల నుంచి మొదలుపెడితే మధ్యలో గాలి చిక్కి, సరిగ్గా ముఖం మీదే గుంట పడుతుంది. పతకానికి నూనె రాయాలనిపిస్తుంది గానీ, గీతల్లో నిలిచే నూనె ముద్రను మొద్దుబారుస్తుంది. అంతగా అంటుకునే పరిస్థితి ఉంటే ఒక చుక్క రాసి, పొడిబట్టతో మొత్తం తుడిచేసినట్టే తుడిచి వాడండి.

ఒత్తగానే తీయకండి. బ్రెడ్డుకు వెనక్కి పొంగే గుణం ఉంది. పతకాన్ని అలాగే ఉంచి, పైన చిన్న బరువు పెట్టి, చల్లబడేదాకా పది నిమిషాలు వదిలేయండి. ఆ సమయంలో చుట్టూ ఉన్న ముద్దను వేళ్లతో పైకి ఎగదోసి గోడలా కట్టండి. పతకం అంచు కంటే అయిదు మిల్లీమీటర్లు ఎత్తు ఉంటే మైనం నిలుస్తుంది. తీసేటప్పుడు పతకాన్ని పీకొద్దు. అచ్చునే వెనక్కి కొంచెం వంచితే దానంతటదే వదులుతుంది.

బొమ్మను సాగదీయాలనుకుంటే ఇదే సమయం, ఇంకా లోపల కొంచెం వేడి ఉండగా. అచ్చును రెండు వైపులా పట్టుకుని మెల్లగా లాగితే గుండ్రటి ముఖం కోలగా అవుతుంది. అడ్డంగా లాగితే అదే మనిషి బుగ్గలు వచ్చి కూర్చుంటాడు. గట్టిగా లాగితే మధ్యలో చీలుతుంది. కొంచెం లాగి, ఆగి, మళ్లీ లాగాలి. ఒకే పతకం నుంచి తీసిన సన్నపు ముఖాన్నీ లావు ముఖాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, అన్నదమ్ముల ఫొటో అని చెప్పినా నమ్ముతారు.

3. ఆరబెట్టడం

అసలు సైజు నకలే కావాలంటే ఈ మెట్టు వదిలేసి నేరుగా మైనానికి వెళ్లండి. చిన్నది కావాలంటే మాత్రం పనంతా ఇక్కడే ఉంది.

తాజా బ్రెడ్డు లోపలి భాగం బరువులో 40 శాతానికి పైగా నీళ్లే. ఆ నీళ్లు పోయిన మేరకు ముద్ద ముడుచుకుంటుంది. తొందరపడి ఎండలోనో ఫ్యాను కిందో పెడితే పైపొర ముందు బిగుసుకుని, లోపలి తడి తర్వాత లాగేసరికి అచ్చు వంకర తిరుగుతుంది, లేదా ముద్ర మీదుగా చీలుతుంది. అందుకని మొదటి రోజు పలచటి పొడిబట్ట కప్పి నీడలో ఉంచండి. జల్లెడ మీద పెడితే కింది వైపు కూడా గాలి తగులుతుంది. పూటకొకసారి తిరగేయండి. రెండో రోజు నుంచి బట్ట తీసేయవచ్చు.

వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి ఉక్క ఊళ్లలో, అచ్చు ఆరేలోపే బూజు పడుతుంది. అక్కడ ఓవెన్‌ను దానికి కుదిరే అతి తక్కువ వేడిలో, తలుపు కొద్దిగా తెరిచి, గంట సేపు పెట్టి గంట సేపు ఆపుతూ ఆరబెట్టడమే దారి. ఇక చీమలు. ఫ్రెంచి రాతలో వాటి ఊసు లేదు గానీ మన ఇళ్లలో బ్రెడ్డును బయట వదిలితే తెల్లారేసరికి ముద్ర మీద ఊరేగింపు ఉంటుంది. జల్లెడను చిన్న గిన్నె మీద, ఆ గిన్నెను నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టండి.

ఎంత ముడుచుకుందో కంటితో అంచనా వేయొద్దు. పతకం తీయగానే గుంట వెడల్పును అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచి రాసుకోండి. అచ్చు బరువు కూడా. రోజూ అదే వేళకు మళ్లీ కొలవండి. బరువు తగ్గడం ఆగిందంటే ఇక ముడుచుకోదు. అడ్డం, నిలువు కొలతలు వేరువేరుగా తగ్గుతుంటే ఆరడం ఒకవైపు ఎక్కువగా ఉందని, తిప్పి పెట్టాలని అర్థం. కావలసిన సైజు ముందే వచ్చేస్తే పూర్తిగా ఆరేదాకా ఆగక్కర్లేదు, అప్పుడే పోసేయవచ్చు. ఎక్కువో తక్కువో నీకు కావలసినంత ఆరబెట్టు అని రాతప్రతి చెప్పేది కూడా ఇదే.

లెక్క ఎలా పనిచేస్తుందో చూడండి. 40 మిల్లీమీటర్ల గుంట 36కి వచ్చిందనుకుందాం. వెడల్పులో తగ్గింది 10 శాతమే. కానీ బొమ్మ పరచుకున్న జాగా 19 శాతం తగ్గుతుంది, పట్టే మైనం 27 శాతం తగ్గుతుంది. అందుకే కొలతలో కొంచెమే అనిపించిన తేడా చేతిలోకి తీసుకుంటే కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఇంకా చిన్నది కావాలంటే, ఈ 36 మిల్లీమీటర్ల మైనపు బొమ్మ నుంచి కొత్త బ్రెడ్డు అచ్చు తీసి మళ్లీ ఆరబెట్టాలి. అంతే శాతం తగ్గితే 32.4 వస్తుంది. అయితే మైనపు బొమ్మను వేడి బ్రెడ్డులో ఒత్తకూడదు. బ్రెడ్డు వేలికి గోరువెచ్చగా తగిలే దాకా ఆగి, ఇంకొంచెం బలంగా ఒత్తాలి. ప్రతి తరానికీ గీతలు మొద్దుబారుతూ పోతాయి కాబట్టి మూడో నకలు దగ్గర ఆపడం నయం.

4. మైనం పోయడం

పెద్ద గిన్నెలో నీళ్లు కాచి, అందులో చిన్న గిన్నె పెట్టి మైనం కరిగించండి. నేరుగా మంట మీద పెట్టొద్దు, మైనం అంటుకుంటుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది. కరగగానే దించి, గిన్నె అంచున పలచటి తెల్లపొర కట్టడం మొదలయ్యేదాకా ఆగండి. అప్పుడు దాదాపు 65 డిగ్రీలు ఉంటుంది. అంతకంటే వేడిగా పోస్తే తడి అచ్చులో ఆవిరి బుడగలు లేస్తాయి, పొడి అచ్చులో మైనం లోపలికి ఇంకిపోతుంది.

ఆరిన అచ్చు ఉంటే, పోసే ముందు తడిపి పిండేసిన కుంచెతో ముద్ర మీద ఒక్కసారి రాయండి. నీళ్లు నిలవకూడదు, తేమ మెరవాలి అంతే. ఆ తేమే మైనాన్ని బ్రెడ్డులోకి పోకుండా ఆపుతుంది. ఇప్పుడు అంచు దగ్గర ఒక వైపు నుంచి, సన్నటి ధారగా, ఆపకుండా పోయండి. మధ్యలో ఆగితే అక్కడ చార పడి నకలు మీద గీతలా మిగులుతుంది.

అరగంట కదపొద్దు. తడి అచ్చు అయితే వెనక్కి వంచగానే బొమ్మ ఊడొస్తుంది, అదే అచ్చులో ఇంకోసారి పోసుకోవచ్చు. ఆరిన అచ్చు గట్టిగా ఉంటుంది, దాన్ని వంచబోతే బొమ్మ విరుగుతుంది. చల్లటి నీళ్లలో కొన్ని గంటలు నానబెట్టండి. బ్రెడ్డు మళ్లీ మెత్తబడి వేళ్లతో ఒలిస్తే పోతుంది, గీతల్లో మిగిలిన తునకల్ని కుంచెతో కడిగేయవచ్చు. ఆ అచ్చు మళ్లీ పనికిరాదు.

ఇలా వచ్చిన మైనపు బొమ్మను లోహంలోకి మార్చాలంటే దాని చుట్టూ మట్టి కట్టి, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోయాలి. ఆదిలాబాద్ ప్రాంతంలో ఓజా పనివాళ్లు డోక్రా అనే ఇత్తడి బొమ్మలు చేసేదీ మైనం, మట్టి నమ్ముకునే. కానీ బ్రెడ్డు అచ్చులో నేరుగా లోహం పోయాలని మాత్రం చూడకండి. తగరం కరగడానికే 232 డిగ్రీలు కావాలి. ఆ వేడికి బ్రెడ్డులోని తడి ఒక్కసారిగా ఆవిరై, లోహం ముఖం మీదకి చిమ్ముతుంది.

5. గంధకం, కావాలనుకుంటే

రాతప్రతిలో ఉన్నది గంధకమే కదా, మైనం ఎందుకు అని అడగవచ్చు. గంధకం 115 డిగ్రీల దగ్గర కరిగి నీళ్లలా పలచనై, ముద్రలోని ప్రతి గీతలోకీ దూరి, గట్టిపడి నునుపైన బిళ్లవుతుంది. యూరప్‌లో పతకాలు, చెక్కిన రత్నాల నకళ్లు తీసేవాళ్లు 18వ శతాబ్దంలో కూడా దాన్ని వదల్లేదు. ఫలితం మైనం కంటే అందంగా ఉంటుందని ఒప్పుకోవాలి. కానీ అంటుకుంటే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ ఊపిరితిత్తుల్ని మండిస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు, ఇంట్లో పసిపిల్లలు ఉన్నవాళ్లు, ఫ్లాట్లలో బాల్కనీ తప్ప ఆరుబయలు లేనివాళ్లు ఈ భాగం చదివి వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం.

చేసేవాళ్లు ఆరుబయట, గాలి మీ వెనక నుంచి వీచేలా నిలబడి, కరెంటు పొయ్యి మీద చేయండి. గ్యాస్ మంట వద్దు. మళ్లీ వంటకు వాడని స్టీలు గిన్నెలో 50 గ్రాములకు మించి వేయొద్దు. కళ్లను కాపాడే అద్దాలు, యాసిడ్ ఆవిర్లను ఆపే ఫిల్టరు ఉన్న మాస్కు, చేతులకు మందపాటి గ్లోవ్స్ తప్పనిసరి. గుడ్డ మాస్కు ఏమీ ఆపదు. 120 నుంచి 140 డిగ్రీల మధ్య గంధకం తేనె రంగులో పలచగా ఉంటుంది, పోయాల్సింది అప్పుడే. 160 దాటితే ఎర్రబడి పాకంలా చిక్కబడుతుంది. వేడి తగ్గిస్తే మళ్లీ పలచనవుతుంది. 200 దాటనివ్వకండి, ఆ పైన అంటుకునే ప్రమాదం ఉంది. గంధకం మంట నీలంగా ఉంటుంది, పట్టపగలు సరిగ్గా కనపడదు కూడా. అందుకే సరిపోయే మూత ఎప్పుడూ పక్కనే ఉండాలి. అంటుకుంటే మూత వేసి, స్విచ్ తీసి, దూరంగా జరగండి. నీళ్లు పోయొద్దు.

రాతప్రతిలో ఇంకోచోట గంధకంలో మైనం కలిపితే అంటుకోదనీ బుడగలు రావనీ ఒక చిట్కా ఉంది. ఇంట్లో దాన్ని పాటించకండి. వేడి గంధకం మైనంతో కలిస్తే కుళ్లిన గుడ్ల వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, అది విషవాయువు. కొలంబియా విశ్వవిద్యాలయం ల్యాబ్‌లో ఇలాంటి పనులు ఆవిర్లను లాగేసే హుడ్ కింద చేసే ఏర్పాటు ఉంటుంది, మన పెరట్లో ఉండదు.

పోసిన గంధకం గట్టిపడటాన్ని దగ్గరగా చూడండి, ఈ శ్రమకు అదే కూలి. అంచుల నుంచి సూదుల్లాంటి స్ఫటికాలు మధ్యకు పాకుతాయి. అప్పుడే తీసిన బిళ్ల కొంచెం పారదర్శకంగా, ముదురు రంగులో ఉంటుంది. తర్వాతి గంటల్లో, రోజుల్లో ఆ స్ఫటికాలు లోలోపల రూపం మార్చుకుని, బిళ్ల నిమ్మపండు రంగుకు తిరిగి పెళుసవుతుంది. కాబట్టి చేత్తో పట్టుకుని చూపించాలనుకుంటే మొదటి రోజే చూపించండి, తర్వాత దూది పరిచిన డబ్బాలో పెట్టండి. ఆ డబ్బాలో వెండి, రాగి వస్తువులు పెట్టకూడదు, నల్లబడతాయి.

మిగిలినవి

నిమ్మకాయంత ముద్ద తీసుకున్నాక మిగిలిన బ్రెడ్డును పారేయక్కర్లేదు, ముట్టుకోని ముక్కల్ని ముందే తీసి పెట్టుకుంటే సాయంత్రం టీలోకి వస్తాయి. పతకం ఒత్తిన ముద్దను మాత్రం తినకండి, పశువులకూ వేయకండి. మైనం పోసిన బ్రెడ్డు అచ్చులు ఎరువు గుంతలోకి వెళ్లవచ్చు. కుదరని మైనపు బొమ్మల్ని మళ్లీ కరిగించి, పాత నైలాన్ సాక్సులో వడకడితే బ్రెడ్డు తునకలు పోయి మైనం కొత్తదానిలా తయారవుతుంది. గంధకం ముక్కల్ని మూత ఉన్న గాజు సీసాలో, అగ్గిపెట్టెలకూ పిల్లలకూ అందని చోట, పైన పేరు రాసి పెట్టండి.